కాలువ గట్టు ఇల్లు, పసివాడు, కుక్క: ఇలాంటి పరికరం చేయగలమా?

కాలువగట్టు

అందరికీ నమస్కారం. మా పసివాడు కాలువ వైపు వెళ్తే ఇంట్లోవాళ్లకు చెప్పే పరికరం ఒకటి కావాలి, దాని గురించే అడుగుతున్నాను. మాది కోనసీమ, అంబాజీపేట దగ్గర పల్లె. ముందు రోడ్డు, వెనక పెరడు, పెరడు చివర కొబ్బరి చెట్ల వరస, అది దాటితే పంట కాలువ. మా రేవు అక్కడే. వెనక గుమ్మం నుంచి రేవు మెట్ల దాకా పెద్దవాళ్లకు పాతిక ముప్పై అంగల నడక. మా వాడికి రెండో ఏడు నడుస్తోంది. ఎక్కడికి బయల్దేరినా పరుగే. వాడు ఎటు వెళ్తే అటు మా నాటు కుక్క చిట్టి, చిట్టి ఎటు వెళ్తే అటు వాడు.

వేసవిలో కాలువలు కట్టేసినన్నాళ్లూ ఇంత టెన్షన్ ఉండదు. జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్లు వదిలారు. ఇప్పుడు రేవు పై మెట్టు తడుపుతూ పారుతోంది.

ఇంట్లో ఉండేది నేను, మా అత్తగారు, పిల్లాడు. మా ఆయన మస్కట్‌లో పని చేస్తారు. నేను ఇంట్లోనే బట్టలు కుడతాను, మిషనుకు మోటారు ఉంది. అత్తగారికి వినికిడి బాగా తగ్గింది. ఈ ఇంటి సంగతులన్నీ ఎందుకు చెబుతున్నానంటే, పరికరం ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నదే నా ప్రశ్నలో ముఖ్యం.

పెరటికి దడి లేదా అంటారేమో. ఉంది. కొబ్బరి మట్టలతో కట్టించాం. వానలు పడగానే మొదలు కుళ్లిపోతుంది. దానికి తోడు చిట్టి ఎండలకు తాళలేక దడి మొదట్లో చల్లటి మట్టి చూసుకుని గొయ్యి తవ్వుకుని పడుకుంటుంది. ఆ గొయ్యి పెరిగి పెరిగి అవతలికి కన్నం అయింది. మొన్న మా వాడు ఆ కన్నంలోంచి దూరిపోయాడు. బట్టలు ఉతకడానికి వచ్చిన పక్కింటి పిన్ని చూసి ఎత్తుకొచ్చింది. రేవు పై మెట్టు మీద కూర్చుని, చేతిలో కొబ్బరి పిందె పట్టుకుని నీళ్లలోకి వంగి ఉన్నాడట. మోకాళ్ల నిండా ఒండ్రు మట్టి. చిట్టి మొరుగుతూనే ఉందని పిన్ని చెప్పింది. ఆ టైములో నేను జాకెట్టుకు చేతులు కలుపుతున్నాను. మోటారు చప్పుడులో ఆ మొరుగుడు నా దాకా రాలేదు.

అప్పటి నుంచి ఒక పరికరం నా బుర్రలో తిరుగుతోంది. దానికి "తోడు" అని పేరు కూడా పెట్టుకున్నాను.

మా అమ్మ వాళ్లు పిల్లల కాళ్లకు మువ్వల గొలుసులు వేసేవారు. మువ్వల చప్పుడు వంటింట్లోకి వినిపిస్తున్నంతసేపూ పని చేసుకోవచ్చు. చప్పుడు ఆగితే వెళ్లి చూడాలి. పశువుకు మెడలో గంట కట్టేదీ అందుకే. కట్లు తెంచుకుని పోయే పశువుకైతే గుదిబండ కట్టేవారు. నాకు కావలసింది గంట, గుదిబండ కాదు. పిల్లాణ్ని కట్టేయకూడదు, కుక్కను కట్టేయకూడదు. జామచెట్టు దాకా, కోళ్ల గూడు దాకా ఇద్దరూ హాయిగా తిరగాలి.

నా ఊహ ఇలా ఉంది. వాడి మొలతాడుకు కుంకుడు గింజంత పూస. చిట్టి మెడకు పట్టీ. పూస చిన్నది కాబట్టి పెద్ద బ్యాటరీ, మిగతా సరంజామా అంతా చిట్టి పట్టీలో ఉండొచ్చు, ఎలాగూ ఇద్దరూ విడిపోరు కదా. కొబ్బరి చెట్ల వరస వెంట ఏదో ఒక గీత, కంటికి కనబడకపోయినా పర్వాలేదు. వాడు ఆ గీత దాటగానే నా మిషను మోటారు దానంతటదే ఆగిపోవాలి. ఫోన్ మోగితే నాకు లాభం లేదు. ఫోన్ వంటింట్లో ఛార్జింగులో ఉంటుంది, లేకపోతే మా ఆయనతో వీడియో కాల్‌లో ఉంటుంది. చేతి కింద పని ఆగిపోతేనే నేను తల ఎత్తుతాను. అత్తగారి చేతికి గాజులాంటిది ఒకటి ఉండి అది గట్టిగా అదరాలి. చిట్టి ఆగకుండా మొరిగితే ఆ మొరుగుడును కూడా పట్టీ పసిగట్టి మాకు అందించాలి.

షాక్ కొట్టే ఏర్పాటు ఏదీ వద్దు, కుక్కకైనా సరే. కరెంటు పోయినా పని చేయాలి, మా దగ్గర వాన పడితే కరెంటు ఉండదు. నా కొడుకు ఎక్కడ తిరిగాడన్నది మా పెరడు దాటి ఎవరి కంప్యూటర్‌లోకీ వెళ్లకూడదు.

ఇందులో ఏది అయ్యే పని, ఏది కాని పని? తెలిసినవాళ్లు చెప్పండి. పూర్తిగా తయారైన వస్తువు దొరకదని నాకు తెలుసు. చేయించుకోగలిగితే చేయించుకుంటాను.

సోల్డర్ (హైదరాబాద్)

చెల్లెమ్మా, ఎలక్ట్రానిక్ బోర్డులు డిజైన్ చేయడం నా పని. మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఫోన్ మోగితే లాభం లేదన్న మాట మా రంగంలో చాలామందికి తట్టదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు జీపీఎస్ ఆలోచన ఎవరైనా చెబితే పక్కన పెట్టండి. నెత్తిన ఆకాశం అంతా తెరిచి ఉంటే ఫోన్ జీపీఎస్ 3 నుంచి 5 మీటర్లు అటూ ఇటూగా చూపిస్తుంది. కొబ్బరి మట్టల కింద, ఇంటి కప్పు కింద ఇంకా తప్పుతుంది. మీ గుమ్మానికీ రేవుకూ మధ్య ఉన్నదే పదిహేను ఇరవై మీటర్లు. పిల్లాడు పెరట్లో ఉన్నా కాలువలో ఉన్నట్టు చూపిస్తుంది, కాలువ దగ్గరుంటే పెరట్లో ఉన్నట్టు చూపిస్తుంది. నాలుగు తప్పుడు అలారాలు వచ్చాక ఐదోది ఎవరూ పట్టించుకోరు.

వస్తువులకు తగిలించి ఫోన్‌తో వెతుక్కునే బ్లూటూత్ ట్యాగులు దూరాన్ని నిజంగా కొలవవు, సిగ్నల్ ఎంత బలంగా ఉందో చూసి అంచనా కడతాయి. అవి వాడేది 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగం. మనిషి ఒళ్లు ఎక్కువగా నీరే కాబట్టి ఆ సిగ్నల్‌ను పీల్చేస్తుంది. వాడు ఇటు నుంచి అటు తిరిగినా దూరం పెరిగినట్టే కనబడుతుంది. 2021లో ఎయిర్‌ట్యాగ్ అనే ఇలాంటి ట్యాగును తెచ్చినప్పుడే ఆపిల్ వాళ్లు అది వస్తువులకు గానీ పిల్లలకూ పెంపుడు జంతువులకూ కాదని చెప్పారు. అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే పద్ధతి మెరుగు. రేడియో తరంగం వెళ్లి రావడానికి పట్టిన కాలాన్ని కొలుస్తుంది. తరంగం ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు వెళ్తుంది కాబట్టి జానెడు తేడాలో దూరం చెప్పగలదు. కాకపోతే బ్యాటరీని బాగా తాగుతుంది, ఒళ్లు అడ్డొస్తే దానికీ ఇబ్బందే.

మీ పెరటికి సరిపోయేది పాత పద్ధతి. అమెరికాలో 1970ల నుంచి కుక్కల కోసం ఇళ్ల చుట్టూ భూమిలో తీగ పాతుతున్నారు. తీగలో సన్నటి సిగ్నల్ పారుతుంటుంది, దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది, కుక్క మెడ పట్టీలోని కాయిల్, అంటే సన్నటి తీగ చుట్ట, దాన్ని పసిగడుతుంది. వాళ్లు అక్కడ షాక్ పెడతారు. అది తీసేసి మిగతాది తీసుకుందాం. జేబులోంచి తీయకుండానే కారు తలుపు తెరిపించే తాళం చూసే ఉంటారు. అందులో జరిగేదీ ఇంచుమించు ఇదే. కారు 125 కిలోహెర్ట్జ్‌లో పిలుస్తుంది, దగ్గర్లో ఉన్న తాళం నిద్రలేచి వేరే ఫ్రీక్వెన్సీలో జవాబిస్తుంది. మీ గీత తీగ అవుతుంది, పూస తాళం అవుతుంది. తీగ దగ్గరికి రాగానే పూస లేచి 865–867 మెగాహెర్ట్జ్ బ్యాండులో కేక వేస్తుంది. ఆ బ్యాండులో తక్కువ పవర్ పరికరాలకు మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. ఇంత తక్కువ ఫ్రీక్వెన్సీ అయస్కాంత క్షేత్రానికి కొబ్బరి మట్టలు, వాన, ఒళ్లు ఏవీ పెద్ద అడ్డు కావు.

మోటారు ఆపడం అన్నిటికంటే తేలిక, ప్లగ్గుకు ముందు ఒక రిలే, అంటే సిగ్నల్‌ను బట్టి కరెంటును కలిపి తెంచే స్విచ్, చాలు. కానీ దాన్ని తిరగేసి పెట్టాలి. ప్రమాదం అని సిగ్నల్ వస్తే ఆగడం కాదు, అంతా క్షేమం అని పూస నుంచి కబురు వస్తున్నంతసేపే మోటారు తిరగాలి. పూస బ్యాటరీ అయిపోయినా, తీగ తెగినా, తీగకు సిగ్నల్ పంపి పూస కబురు అందుకునే ఇంట్లోని పెట్టె పాడైనా మిషను ఆగుతుంది. మీ అమ్మగారి మువ్వల సూత్రమే ఇది. చప్పుడు ఆగితే వెళ్లి చూడాలి. ఇన్వర్టర్ మీద నడిచే పెట్టె అయితే కరెంటు పోయినా గాజుకు కబురు వెళ్తుంది. ఇంటర్నెట్ ఎక్కడా రాదు కాబట్టి సర్వర్ల గొడవే లేదు. మనవైపు 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలోనూ పిల్లలను ట్రాక్ చేయకూడదని కంపెనీలకు నిబంధన ఉంది. జర్మనీ అయితే తల్లిదండ్రులు దూరం నుంచి రహస్యంగా వినే వీలున్న పిల్లల వాచీలను 2017లోనే నిషేధించింది.

రెండు చోట్ల మాత్రం మీ ఊహను ఒప్పుకోలేను. కుంకుడు గింజంత పూస వద్దు. అంత చిన్నది ఊడితే నేరుగా నోట్లోకి వెళ్తుంది. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలను పరీక్షించే గొట్టం వెడల్పు 31.7 మిల్లీమీటర్లు, అందులో పూర్తిగా పట్టేసే వస్తువు ఏదైనా గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉన్నట్టు లెక్క. 4 సెంటీమీటర్లకు పైన ఉండే బిళ్ల చేయాలి. బటన్ సెల్ అసలే వద్దు. 20 మిల్లీమీటర్ల లిథియం సెల్ ఆహారనాళంలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. ఛార్జింగ్ బ్యాటరీ పెట్టి, బిళ్లంతా ఎపాక్సీతో, అంటే ఆరాక రాయిలా గట్టిపడే జిగురుతో, పోత పోసి మూసేయాలి, పళ్లతో కొరికినా తెరుచుకోకూడదు.

రెండోది కాలం. రెండేళ్ల పిల్లాడు సెకనుకు ఒకటి రెండు మీటర్లు పరిగెడతాడు. తీగ రేవుకు 10 మీటర్ల ఇవతల ఉందనుకోండి, మీ చేతిలో ఉండేది 5 నుంచి 10 సెకన్లు. కుర్చీలోంచి లేచి గుమ్మం దాటేసరికే అవి అయిపోతాయి. కాబట్టి తీగకూ నీటికీ మధ్య ఆపేది ఒకటి గట్టిగా ఉండాలి. తీగ చెబుతుంది, ఆపేది గేటు. గేటు లేకుండా నేను ఈ పరికరం చేసి ఇవ్వను.

గోదారి పశువైద్యం (భీమవరం)

అమ్మా, నేను పశువుల డాక్టర్ని. చిట్టి తరఫున రెండు మాటలు.

ఆ కన్నం సంగతి ముందు చూడండి. గుంత తవ్వే కుక్కను కొట్టినా తిట్టినా మానదు, దానికి వేడి. పెరట్లోనే నీడలో, ఇంటి గోడ పక్కన ఇసుక పోసి రోజూ నీళ్లు చల్లండి, అక్కడే పడుకుంటుంది. దడి మొదట్లో కోళ్ల మెష్ తీసుకుని సగం నిలువుగా, సగం నేల మీద పెరటి వైపుకు మడిచి, పైన మట్టి, రాళ్లు వేయండి. కుక్క ఎప్పుడూ దడి మొదట్లోనే తవ్వుతుంది, కాలికి మెష్ తగిలితే వదిలేస్తుంది.

షాక్ వద్దన్నారు, సంతోషం. వేల్స్ దేశంలో కుక్కలకూ పిల్లులకూ షాక్ పట్టీలు 2010 నుంచి నిషేధం. నార్వేలో మేకలకు కంచె లేకుండా మెడ పట్టీలతో మేపే పద్ధతి వచ్చింది. హద్దు దగ్గరకొస్తే పట్టీ ఒక స్వరం వినిపిస్తుంది, ముందుకు పోయేకొద్దీ స్వరం పెరుగుతుంది, అయినా ఆగకపోతేనే చిన్న షాక్. చాలా మేకలు కొన్నాళ్లకు స్వరం వినగానే వెనక్కి తిరుగుతాయి. మీ చిట్టికి ఆ చివరి మెట్టు అక్కర్లేదు. పట్టీ స్వరం వినబడగానే మీరు పేరు పెట్టి పిలిచి, వచ్చిన ప్రతిసారీ ఒక ముద్ద పెట్టండి. స్వరం అంటే ఇంటికి పరుగెత్తడం అని నేర్చుకుంటుంది. కుక్క ఇంటివైపు వస్తే పిల్లాడూ దాని వెనకే వస్తాడు. మీ ఊహలో నాకు బాగా నచ్చింది ఇదే, మీరు రాయకపోయినా అందులో ఉంది.

అయితే పిల్లాడి బ్యాటరీ చిట్టి మెడలో పెట్టకండి. కార్తీకం వచ్చిందంటే కుక్కలు జత కోసం తిరుగుతూ రోజుల తరబడి ఇంటికి రావు. చిట్టికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించకపోతే అది పోవడమో, లేదా ఊరి కుక్కలన్నీ మీ పెరట్లోకి రావడమో జరుగుతుంది. రెండూ పసివాడికి మంచిది కాదు. ఆపరేషన్ చేయించండి, తిరుగుడు తగ్గుతుంది.

ఇంకొకటి, చాలామంది మైక్రోచిప్ వేయిస్తే కుక్క ఎక్కడుందో ఫోన్‌లో కనిపిస్తుందనుకుంటారు. కనిపించదు. బియ్యపు గింజంత ఆ చిప్‌లో బ్యాటరీయే ఉండదు, 15 అంకెల నంబరు మాత్రం ఉంటుంది. రీడరును మెడ దగ్గర పెడితేనే ఆ నంబరు తెలుస్తుంది. తప్పిపోయిన కుక్కను ఎవరో తెచ్చిస్తే ఎవరిదో తేల్చడానికి పనికొస్తుంది, అంతవరకే.

రేబిస్ టీకా ఏటా తప్పనివ్వకండి. పిల్లాడికి దాని గోరు గీరుకున్నా, పన్ను తగిలినా పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఇంటి కుక్కే కదా అనుకోకూడదు. ఎంత నమ్మకమైన కుక్కయినా ఐదేళ్ల లోపు పిల్లాణ్ని దానికి అప్పగించి వెళ్లకూడదు.

కాలువగట్టు

సోల్డర్ అన్నయ్యా, డాక్టరు గారూ, ఇద్దరికీ చాలా థ్యాంక్స్.

క్షేమం అని కబురు వస్తున్నంతసేపే మోటారు తిరగాలన్నది చదివాక నాకు ప్రాణం కుదుటపడింది. నాకు మాటల్లో పెట్టడం రానిది అదే. బిళ్ల 4 సెంటీమీటర్లు అయితే మొలతాడుకు వేలాడదు. నిక్కరు నడుం పట్టీకి వెనకవైపు సంచీ కుట్టి అందులో పెట్టి కుట్టేద్దామనుకున్నాను, అది నా చేతిలో పనే. కానీ ఇంట్లో వాడి ఒంటి మీద మొలతాడు తప్ప ఏదీ నిలవదు. నిక్కరు వేసిన గంటకే తడిపేస్తాడు, విప్పి పారేస్తాడు. అందుకని రెండు వేళ్ల వెడల్పున మెత్తటి నూలు పట్టీ కుడతాను. వెనక నడుం మధ్యలో బిళ్ల, అక్కడికి వాడి చెయ్యి అందదు. ఎక్కడైనా కొమ్మకో మేకుకో తగులుకుంటే ఊడి రావాలి కాబట్టి హుక్కు పెట్టను, టిచ్ బటన్లు పెడతాను. మెడలో మాత్రం ఏదీ వేయను.

ఇక్కడే అనుమానం. ఊడి వచ్చే పట్టీ అన్నాక ఎప్పుడో ఒకప్పుడు మంచం కింద పడి ఉంటుంది. బిళ్ల ఇంట్లోనే ఉంది, క్షేమం అని కబురు పంపుతూనే ఉంటుంది, నా మిషను తిరుగుతూనే ఉంటుంది, పిల్లాడు మాత్రం బయట ఉంటాడు. దీనికి ఏం చేయాలి?

డాక్టరు గారూ, చిట్టిని స్వరంతో ఇంటికి రప్పించడం ఈ రోజు నుంచే మొదలుపెడుతున్నాను. పరికరం వచ్చేదాకా స్టీలు గ్లాసు మీద గరిటెతో కొడతాను. కార్తీకం లోపే ఆపరేషన్ చేయిస్తాను. మొరుగుడు వినే ఏర్పాటు మాత్రం వదులుకోను. అది బిళ్లకు బదులు కాదు, బిళ్లతో పాటు. ఆ రోజు మొరిగింది అదొక్కటే.

ఎడారి తెలుగు (ఫీనిక్స్, అమెరికా)

అక్కా, మాకు ఇక్కడ కాలువ లేదు గానీ పెరట్లో ఈత కొలను ఉంది, పాప ఉంది. ఇక్కడ గేటు ఎలా పెట్టమంటారో చెబుతాను, మీ మేస్త్రీకి పనికొస్తుంది. కంచె ఎత్తు కనీసం ఐదడుగులు. ఊచల మధ్య, కంచె కింద 4 అంగుళాలకు మించి సందు ఉండకూడదు. గేటు వదిలేస్తే దానంతటదే మూసుకుని గడియ పడాలి. గడియ నేల నుంచి 54 అంగుళాల ఎత్తున ఉండాలి. ముఖ్యంగా గేటు నీటి వైపుకు కాదు, ఇంటి వైపుకు తెరుచుకోవాలి. పిల్లలు గేటు కనబడితే తోస్తారు. ఇంటి వైపు నుంచి తోస్తే అది ఇంకా మూసుకుంటుంది. గేటు పక్కన కుర్చీ, బకెట్, ఎక్కడానికి వీలయ్యేది ఏదీ పెట్టకండి.

నీళ్లు తగలగానే మోగే చేతి పట్టీలు కూడా ఇక్కడ అమ్ముతారు. మేమూ కొన్నాం. కానీ అది మోగేసరికి పాప నీళ్లలో ఉన్నట్టే. మీ గీత ఆలోచన అంతకంటే ముందే చెబుతుంది కాబట్టి నాకు నచ్చింది.

తీరం (విశాఖపట్నం)

నేను ప్రజారోగ్య రంగంలో పని చేస్తాను, పిల్లలు నీళ్లలో మునిగిపోవడం మీద చదువుకున్నాను. పరికరానికి నేను అడ్డు చెప్పను. కానీ ఈ చర్చలో ఒక మనిషి లోటు కనిపిస్తోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచంలో దాదాపు 3 లక్షల మంది నీళ్లలో మునిగి చనిపోయారు. వాళ్లలో ఇంచుమించు నాలుగో వంతు ఐదేళ్ల లోపు పిల్లలు. బంగ్లాదేశ్‌లో మీలాంటి ఇళ్లే, వెనక గుమ్మం తీస్తే చెరువు. ఎప్పుడు మునుగుతున్నారో అక్కడ గమనించారు. ఎక్కువగా పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 1 లోపు, అంటే అమ్మ వంటలో, పనిలో ఉండే వేళ. దాంతో ఊళ్లోనే ఒక ఇంట్లో ఒకటి నుంచి ఐదేళ్ల పిల్లలను ఆ నాలుగు గంటలూ చూసే కేంద్రాలు పెట్టారు. వాటి పేరు "ఆంచల్". నడిపేది ఆ ఊరి ఆడమనిషే, ఆమెను ఆంచల్ మా అంటారు. ఆ కేంద్రాలకు వెళ్లిన పిల్లల్లో మునిగిపోయే మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. ఏ సెన్సరూ ఇప్పటిదాకా ఇంత చేసినట్టు నేను చూడలేదు.

మనకు అంగన్‌వాడీలు 1975 నుంచి ఉన్నాయి. కానీ పూర్వ ప్రాథమిక విద్య మూడేళ్లు నిండినవాళ్లకే. అంతకంటే చిన్నవాళ్లకు పోషకాహారం, టీకాలు, బరువు చూడటం వరకే. నడక వచ్చి, భయం ఇంకా తెలియని ఒకటి నుంచి మూడేళ్ల పిల్లాడు చాలాచోట్ల ఎవరి లెక్కలోకీ రాడు. మీ వాడు సరిగ్గా ఆ వయసులోనే ఉన్నాడు. మీ కాలువ గట్టు మీద ఇంకెన్ని ఇళ్లలో ఈ వయసు పిల్లలున్నారు? నలుగురు అమ్మలు కలిస్తే రోజుకొకరు చూడొచ్చు. మిగతా ముగ్గురూ ఆ పూట నిశ్చింతగా పని చేసుకుంటారు.

ఇంకొకటి తప్పకుండా చెప్పాలి. మునిగిపోయే పసిపిల్లలు అరవరు, చేతులు ఊపరు. ఊపిరికే అవస్థ పడుతున్నప్పుడు గొంతు పెగలదు. కాబట్టి కేక వినబడుతుందిలే అనుకోవద్దు. ఒకవేళ ఎవరి పిల్లనైనా నీళ్లలోంచి తీస్తే, తలకిందులుగా పట్టుకుని ఊపడం, గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కడం చేయకండి. ఆ నీళ్లు కక్కించే ప్రయత్నంలో విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి లేకపోతే ముందు నోటి ద్వారా ఐదుసార్లు ఊపిరి అందించి, తర్వాత ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఇది చదివి నేర్చుకునేది కాదు, దగ్గర్లో శిక్షణ ఇచ్చేవాళ్లు ఉంటే మీ అత్తగారితో సహా అందరూ నేర్చుకోండి.

కాలువగట్టు

తీరం గారూ, మీరు రాసింది మా అత్తగారికి గట్టిగా చదివి వినిపించాను. తిప్పడం సంగతి విని ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మా ఊళ్లో అందరూ చేసేది అదే.

గట్టు మీద ఈ వయసు పిల్లలున్న ఇళ్లు మాతో కలిపి నాలుగు. ఇద్దరి భర్తలు గల్ఫ్‌లోనే. ఒకావిడ కొబ్బరి పీచు పనికి వెళ్తుంది, పిల్లను ముసలావిడ దగ్గర వదిలిపెడుతుంది. సాయంత్రం రేవు దగ్గర కలిసి మాట్లాడుకున్నాం. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా వంతులవారీగా మా ఇంటి వసారాలో పెట్టుకుందామని ఒప్పుకున్నారు. పనికి వెళ్లే ఆవిడకు వంతు కుదరదు. ఆమె బదులు కొబ్బరికాయలో, కూరలో ఇస్తానంది, మాకేమీ వద్దన్నాం. వంతు ఉన్నరోజు నేను మిషను ముట్టను.

కానీ మధ్యాహ్నం రెండు నుంచి దీపాల వేళ దాకా ఎవరిల్లు వాళ్లదే. రాత్రి కరెంటు పోయినప్పుడు ఎవరిల్లు వాళ్లదే. దసరాకు గిరాకీ ఉన్నప్పుడు నేను రోజంతా మిషను మీదే ఉండాలి, దాన్నుంచే ఇల్లు గడిచేది. ఆ గంటల కోసమే నాకు తోడు కావాలి. కాబట్టి పరికరం అడగడం మానను. ఇంటింటికీ ఒక బిళ్ల, గట్టు పొడుగునా ఒకటే తీగ అయితే ఇంకా మంచిది. ఎవరి పిల్లాడు గీత దాటినా నాలుగిళ్లలోనూ గాజులు అదరాలి. దగ్గరున్న వాళ్లు పరిగెత్తుతారు. మా వాణ్ని ఎత్తుకొచ్చింది పక్కింటి పిన్నే కదా.

గేటుకు మేస్త్రీ రేపు కొలతలు తీసుకోవడానికి వస్తున్నాడు. ఇంటి వైపుకే తెరుచుకోవాలని, గడియ 54 అంగుళాల మీద అని కాగితం మీద రాసి పెట్టాను. రేవు పక్కిళ్ల వాళ్లది కూడా కాబట్టి తాళం వేయకూడదు, దానంతటదే పడే గడియే పెట్టాలి. బిందెతో వచ్చేవాళ్లకు చేతులు ఖాళీ ఉండవు, గేటు తెరిచి ఇటుక అడ్డం పెట్టేస్తారేమోనని భయం. అందుకే గేటు పక్కన బిందె పెట్టుకోవడానికి చిన్న అరుగు కట్టిద్దామనుకున్నా, కానీ అది ఎక్కి పిల్లలు గేటు దాటుతారు. అరుగు గేటుకు అవతల, నీటి వైపు కట్టిస్తాను. ఇటువైపు పక్కింటి పిన్నికి గోడకు ఒక కొక్కెం చాలు, బట్టల మూట తగిలించుకుంటుంది.

సోల్డర్ అన్నయ్యా, మంచం కింద పడిన బిళ్ల సంగతి చెప్పలేదు. ఇంకొక ప్రశ్న. వాడు నిలబడతాడు, బోర్లా పడతాడు, పాకుతాడు, బిళ్ల ఎటు తిరిగినా తీగను పసిగడుతుందా?

సోల్డర్ (హైదరాబాద్)

రెండో ప్రశ్నకు జవాబు తేలిక. కాయిల్ ఒక్కటే ఉంటే పసిగట్టదు, తీగకు అడ్డంగా తిరిగితే మూగబోతుంది. ఒకదానికొకటి లంబంగా మూడు కాయిళ్లు పెట్టాలి. కారు తాళాల్లో మూడు కాయిళ్లూ కలిపిన ఒకే చిన్న భాగం దొరుకుతుంది, అదే వాడదాం.

మంచం కింద బిళ్లకు రెండు కాపలాలు పెడతాను. ఒంటికి ఆనే వైపు వేడి కొలిచే సెన్సరు ఒకటి, కదలికను కొలిచేది ఒకటి. ఒంటి వెచ్చదనం పోయినా, కాసేపు బొత్తిగా కదలకపోయినా క్షేమం అనే కబురు ఆగిపోతుంది, మీ మిషను ఆగుతుంది. వాడు నిద్రపోతున్నప్పుడు కూడా ఊపిరికి నడుం కాస్త కదులుతుంది, దాన్ని పట్టుకోగలిగితే నిద్రలో తప్పుడు అలారాలు రావు. అది ఒంటి మీద పెట్టి చూస్తే గానీ చెప్పలేను. మే నెలలో మీ దగ్గర గాలే ఒళ్లంత వేడిగా ఉంటుంది కాబట్టి వేడి ఒక్కదాన్నే నమ్మను.

నాలుగిళ్లకు ఒకే తీగ కుదురుతుంది. ప్రతి బిళ్లకూ వేరే నంబరు ఇస్తే ఎవరి పిల్లో కూడా గాజు అదిరే తీరులో తెలుస్తుంది, ఒకసారి అదిరితే మీ వాడు, రెండుసార్లయితే పక్కింటి పిల్ల అలా. తీగ పొడవు కావాలి. మేస్త్రీ వచ్చినప్పుడు మొదటి ఇంటి దడి నుంచి నాలుగో ఇంటి దడి దాకా చెట్ల వరస వెంట టేపుతో కొలిపించి ఇక్కడ రాయండి. మధ్యలో బోదెలు, మోటారు పంపుల కరెంటు తీగలు ఎక్కడున్నాయో కూడా రాయండి, వాటికి దూరంగా వేయాలి. కోఠీకి ఈ ఆదివారం వెళ్తున్నాను, మొదటి బిళ్లకు సామాను తెస్తాను.